నూట పన్నెండు బీట్ల మీద కానాగంతలు

రాత్రి డ్యూటీ ముగించి
కంచరపాలెం గేటు దగ్గర ఆటో దిగేసరికి
ఒంట్లో ఇంకా ఆ మిషన్లే కూస్తుంటాయి.
నాలుగో బెడ్డు డయాలసిస్ మిషను కొంచెం పైశ్రుతి,
ఏడోది దానికి అర స్వరం కింద.
రెండూ ఒకేసారి మోగిన రాత్రి
సిస్టర్లు పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను.
చెవి మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది,
సిగ్గులేకుండా.

సిగ్గులేని ఆ చెవి కోసమే ఇదంతా.

బీరువా తలుపుల మధ్య బొంత కట్టి
చీరల వాసనలో మైకు పెట్టాను.
కీబోర్డు జగదాంబ దగ్గర కొన్న పాతది,
ఇరవై ఐదు మెట్లు, పై వరసలో 'ని' పలకదు.
దాన్ని తప్పించుకుంటూ కట్టీ కట్టీ
నా ముక్కలన్నీ అక్కడికి రాగానే
గోతిని దాటినట్టు ఒక గెంతు గెంతుతాయి.
తెలిసినవాళ్ళు అదే నా బాణీ అంటారు.
తెలిసినవాళ్ళంటే
మా తమ్ముడు జోగినాయుడు ఒక్కడే.

రికార్డింగుకి ముందు ఫ్యాను ఆపాలి.
ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి.
ఒకసారి మళ్ళీ పెట్టడం మర్చిపోతే పాలు విరిగాయి.
ఆ ముక్క పేరు 'విరిగిన పాలు', నిడివి నాలుగు నిమిషాలు.
ఏప్రిల్ నెల వైజాగులో ఫ్యాను ఆపి కూర్చుంటే
గడ్డం మీంచి చెమట బొట్టు రాలిన చప్పుడు కూడా
తెర మీద పచ్చగీతలో ముల్లులా లేస్తుంది.

అయినా నిశ్శబ్దం ఎక్కడిది?
మర్రిపాలెం వైపు గూడ్సు బండి,
యాభై ఎనిమిది పెట్టెలు, లెక్కపెట్టాను.
నేవీ హెలికాప్టరు. పైవాటా మోటారు.
హార్బరులో ఓడ కూత చెవికి అందదు,
గచ్చులోంచి అరికాలికి తెలుస్తుంది.
దాన్ని పట్టడానికి నా మైకు చాలదు.

ఏడుంపావుకి మసేనమ్మ.
"కానాగంతలో... కుప్ప వందే..."

మూడు వారాలు కట్టిన ముక్క నడుమ పడింది.
కత్తెర గుర్తు ఆమె గొంతు మీదికి తెచ్చాను.
ఆ 'లో' దగ్గర గొంతు
వంతెన దిగే సైకిల్లా ఒరిగి
నా కీబోర్డు పలకని 'ని'ని
అలా తాకి వెళ్ళిపోయింది.

కొయ్యలేదు.
కింద బేసు పరిచాను.
నాలుగో బెడ్డునీ ఏడో బెడ్డునీ గుర్తుతెచ్చుకుని మళ్ళీ చేసి
తడిగోడ వెనకున్నట్టు దూరంగా పెట్టాను.
నిమిషానికి నూట పన్నెండు బీట్లు.
ఆమె నడకా ఇంచుమించు అంతే.

రెండ్రోజులాగి గంప దింపించి
మెట్ల మీద కూర్చోబెట్టి ఇయర్‌ఫోన్లు పెట్టాను.
పొలుసులంటిన వేళ్ళతో తీగ పట్టుకుంది.
ఒక నిమిషం కదల్లేదు.
తర్వాత కనుబొమలు దగ్గరికొచ్చాయి.
ఆ మొహంలో నేనేం వెతుక్కున్నానో ఇప్పటికీ చెప్పలేను.

"ఏటమ్మా ఇది, వందంటాదేటి?
బోట్లు కట్టీసినారు కదా, ఇప్పుడు నూటేబై.
ఇదెవులైనా ఇన్నారంటే
నన్నట్టుకుని వందకే ఇమ్మంటారు. మార్చెయ్యి."

మరి మ్యూజిక్కో, అన్నాను.

"బాగానే ఉంది గానీ
ఆ టకటకేటి, నా ఎనకాల ఎవులో తరుముతున్నట్టు?"

బీరువా ముందు నిలబెడితే గొంతు పెగల్లేదు.
"బీరువా చేపలు కొంటాదా?" అని నవ్వింది.
తీగకి తీగ కలిపి
కిటికీలోంచి మైకుని వీధిలోకి దించాను.
ఆమె మలుపు దాకా వెళ్ళి,
నన్ను ఎరగనట్టు, నిజంగా అమ్ముతూ వచ్చింది.
ఎదురింటివాళ్ళు రెండు కుప్పలు కొన్నారు.
ఆ బేరం కూడా రికార్డయింది.

వందే కంటే నూటేబైకి
ఒక్కటంటే ఒక్క అక్షరం ఎక్కువ.
తాళంలో పట్టలేదు.
ఆమెని తొందరపెట్టే హక్కు నాకు లేదు,
తాళాన్నే సాగదీశాను.

రాత్రి జోగినాయుడు ఫోను చేశాడు.
"అక్కా, తొమ్మిదో చుట్టులో తాళం తప్పింది."

తప్పలేదురా,
రేటు పెరిగింది.